కొమ్మకు రెండర్థాలు: స్త్రీని, ప్రకృతిని ఒకటి చేసే బొమ్మల వెనుక ఏముంది?

2025 నవంబరులో న్యూయార్క్‌లో సదబీస్ సంస్థ నిర్వహించిన వేలంలో మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో 1940లో గీసిన ఒక చిత్రం 5.47 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఒక స్త్రీ గీసిన చిత్రానికి వేలంలో ఇంత ధర పలకడం అదే మొదటిసారి. చిత్రం పేరు ‘కల’. ఆకాశంలో తేలుతున్న మంచం మీద కాలో నిద్రపోతూ ఉంటుంది. ఆమె కప్పుకున్న దుప్పటి మీద ఆకుల తీగ అల్లుకుని ఉంటుంది. మంచం పందిరి పైన ఒళ్లంతా పేలుడు గొట్టాలు చుట్టుకున్న అస్థిపంజరం పడుకుని ఉంటుంది. ఈ వార్త చదివిన చాలామందికి వచ్చిన సందేహం ధర గురించి మాత్రమే కాదు. పడుకున్న మనిషి మీదికి తీగ ఎందుకు పాకింది?

ఈ తరహా బొమ్మలు ఇప్పుడు ఎటు చూసినా కనిపిస్తున్నాయి. జుట్టు అడవిగా మారిన యువతి, మెడ నుంచి మామిడి కొమ్మలు మొలిచిన స్త్రీ, గుండె దగ్గర గూడు కట్టుకున్న పిట్టలు. మార్చి 8 పోస్టర్ల మీద, కవితా సంపుటాల అట్టల మీద, ఆసుపత్రి గోడల మీద, సబ్బుల ప్రకటనల్లో ఇవే. కొన్నిటి ముందు చూపు ఆగిపోతుంది. ఎక్కువ భాగం గోడ రంగులాగా కంటికి ఆనకుండా పోతాయి. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

క్లుప్తంగా

స్త్రీ శరీరాన్ని చెట్టుతోనో పక్షితోనో కలపడం అధివాస్తవికతకు (కలనూ మెలకువనూ కలిపేసే సర్రియలిజం అనే కళా ఉద్యమానికి) చాలా ముందే కావ్యాల్లోనూ శిల్పాల్లోనూ ఉంది. 1920ల తర్వాత వచ్చిన మార్పు, ‘వలె’ అనే మాట బొమ్మలోంచి తప్పుకోవడం. ఏ చెట్టుతో కలిపారు, ఏ పువ్వుతో కలిపారు అన్నదానికంటే, కలిపిన తర్వాత ఆమెకు కళ్లు, చేతులు, కాళ్లు మిగిలాయా లేదా అన్నదాని మీదే బొమ్మ అర్థం ఎక్కువగా ఆధారపడుతుంది. కంప్యూటర్ తయారుచేసే బొమ్మల వరదలో ముందుగా చెరిగిపోతున్నవి ఆ తేడాలే.

‘వలె’ తప్పుకున్న చోట

తెలుగు పాఠకులకు ఈ బొమ్మలు కొత్తగా అనిపించవచ్చు గాని, వాటి వ్యాకరణం పాతదే. కావ్యభాషలో కొమ్మ అంటే చెట్టు కొమ్మ, స్త్రీ కూడా. పూబోడి, లతాంగి, అలివేణి, మీనాక్షి, బింబోష్ఠి, కంబుకంఠి, రంభోరువు అనే మాటల్లో ఒక్కొక్క అవయవాన్ని తీసేసి ఆ చోట తీగను, తుమ్మెదలను, చేపను, దొండపండును, శంఖాన్ని, అరటిబోదెను పెట్టారు. చెవికి అలవాటైపోయింది కాబట్టి ఎవరూ ఉలిక్కిపడరు. ఇవన్నీ ఒకే స్త్రీలో ఉన్నవి ఉన్నట్టు గీస్తే జడ చోట తుమ్మెదల గుంపు వేలాడుతుంది, కళ్ల గూళ్లలో చేపలు కొట్టుకుంటాయి. పెళ్లిచూపులకు కూర్చోబెట్టలేని బొమ్మ అవుతుంది.

ఫ్రాన్సులో ఈ పని నిజంగానే చేశారు. 1627లో వెలువడిన షార్ల్ సోరెల్ వ్యంగ్య నవలకు వేసిన ఒక బొమ్మలో, ప్రేమకవుల వర్ణనలను అక్షరాలా పాటించి ఒక సుందరిని చిత్రించారు. కళ్లకు బదులు సూర్యులు, కనుబొమలకు బదులు విల్లులు, పళ్లకు బదులు ముత్యాలు, వక్షోజాలకు బదులు రెండు భూగోళాలు. నవ్వించడానికి వేసిన బొమ్మ అది. మూడు వందల ఏళ్ల తర్వాత పారిస్ చిత్రకారులు అదే పనిని నవ్వకుండా చేశారు.

మన అలంకారశాస్త్రం ఈ తేడాను మూడు మెట్లుగా చెబుతుంది. ‘ముఖం చంద్రుని వలె ఉంది’ అంటే ఉపమ. ‘ముఖచంద్రుడు’ అంటే రూపకం. ముఖం మాటే ఎత్తకుండా ‘మేడ మీద చంద్రుడు ఉదయించాడు’ అంటే అతిశయోక్తి. అక్కడ ఉపమానం ఉపమేయాన్ని మింగేసింది. బొమ్మల్లోనూ ఇవే మెట్లు ఉన్నాయి. 1890ల చివర పారిస్ గోడలను నింపిన ఆల్ఫోన్స్ మ్యూషా పోస్టర్లలో స్త్రీ చుట్టూ పూలు ఉంటాయి, స్త్రీ స్త్రీగానే ఉంటుంది. రెండో మెట్టు మీద ఆమె సగం చెట్టు. మూడో మెట్టు మీద చెట్టో పువ్వో కొండో మాత్రమే మిగులుతుంది, స్త్రీని చూసేవాడు ఊహించుకుంటాడు.

మూడో మెట్టుతో ఒక చిక్కు ఉంది. కాలో చిత్రం రాకముందు స్త్రీ చిత్రకారుల్లో అత్యధిక ధర ఒక ఉమ్మెత్త పువ్వుది. అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1932లో గీసిన తెల్ల ఉమ్మెత్త 2014లో 4.44 కోట్ల డాలర్లు పలికింది. ఆమె పూలన్నిటిలోనూ విమర్శకులు స్త్రీ దేహాన్నే చూశారు. ఆమె జీవితాంతం ఆ వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చుతూనే ఉంది. గీసినామె పువ్వు అంటుంది, చూసినవాళ్లు స్త్రీ అంటారు. మింగేసిన ఉపమేయాన్ని బయటికి లాగడం ఎవరి హక్కు అన్న తగువు అప్పటి నుంచీ తెగలేదు.

అధివాస్తవికత ఎక్కువ కాలం నిలబడింది రెండో మెట్టు మీద. 1924 అక్టోబరులో ఫ్రెంచి కవి ఆంద్రే బ్రెటన్ పారిస్‌లో ప్రకటించిన ప్రణాళిక కలనూ మెలకువనూ విడదీయని స్థితిని కోరింది. తెలుగువాళ్లకు ఈ మాట బొమ్మల కంటే ముందు కవిత్వం ద్వారా, ముఖ్యంగా శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల ద్వారా చేరింది. అందుకే కాబోలు, ఇక్కడ అధివాస్తవికత అంటే అర్థం కాని కవిత అనే ముద్ర పడిపోయింది. బొమ్మలో అది చాలా స్పష్టంగా ఉంటుంది. ప్రతి ఆకు ఈనె లెక్కపెట్టవచ్చు. చర్మం ఎక్కడ ఆగింది, బెరడు ఎక్కడ మొదలైంది అన్నది మాత్రం చెప్పలేం.

కన్ను ఎందుకు ఒప్పుకుంటుంది

కుర్చీని, ఏనుగును కలిపితే కన్ను ఎదురుతిరుగుతుంది. స్త్రీని, చెట్టును కలిపితే అంతగా తిరగదు. దీనికి భౌతికమైన కారణం ఒకటి ఉంది. రక్తనాళాలు, ఊపిరితిత్తుల లోపలి గొట్టాలు, చెట్టు కొమ్మలు, ఆకు ఈనెలు, నదీ పాయలు అన్నీ చేసే పని దగ్గర దగ్గరగా ఒకటే. ఒక మూలం నుంచి ద్రవాన్నో గాలినో విశాలమైన చోటికి పంచడం, లేదా విశాలమైన చోటు నుంచి ఒక దారిలోకి తేవడం. పని ఒకటైనప్పుడు ఆకారాలూ పోలుతాయి. లియొనార్డో డా విన్చి నీటి సుడులను గీస్తూ, వాటి కదలిక జుట్టు పాయల్లా ఉందని తన పుస్తకంలో రాసుకున్నాడు. జుట్టును జలపాతంగా, నరాలను వేళ్లుగా మార్చే చిత్రకారుడు ఉన్న పోలికనే వాడుకుంటున్నాడు.

తెలుగు భాష ఇంకో అడుగు ముందుకు వేసింది. వేలుకు బహువచనం వేళ్లు, వేరుకు బహువచనం కూడా వేళ్లే. చేతి చివర ఉన్నవి, చెట్టు అడుగున ఉన్నవి ఒకే మాటలో కలిసిపోయాయి. ఇటలీ శిల్పి బెర్నీనీ 1622–25 మధ్య చెక్కిన అపోలో, డాఫ్నీల పాలరాతి శిల్పం రోములో ఉంది. దాన్ని చూస్తే ఈ బహువచనం కళ్లెదుటే జరుగుతుంది. దేవుడు తరుముతుంటే పారిపోతూ డాఫ్నీ తండ్రిని వేడుకుంటుంది, తండ్రి ఆమెను లారెల్ చెట్టుగా మార్చేస్తాడు. శిల్పంలో ఆమె చేతివేళ్ల చివర్ల నుంచి పలుచటి ఆకులు పుడుతున్నాయి, కాలివేళ్లు నేలలోకి దిగుతున్నాయి, నడుము మీదికి బెరడు పాకుతోంది. నోరు ఇంకా తెరిచే ఉంది.

అతుకు కనపడకుండా చేసే పద్ధతులు కూడా అధివాస్తవికుల దగ్గర పెరిగాయి. నాణెం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దే ఆట పిల్లలందరికీ తెలుసు. 1925లో జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ గది నేల పలకల మీద కాగితం పరిచి అదే పని చేశాడు. చెక్క చారల్లోంచి అడవులు, జంతువులు బయటపడ్డాయి. తర్వాత అతను తడి రంగును మరో తలంతో నొక్కి పైకి లాగే పద్ధతినీ వాడాడు. విడిపోయేటప్పుడు రంగు పగడపు దిబ్బలా, నాచులా చీలికలు పడుతుంది. ఆ మచ్చలను చర్మంగానో ఈకలుగానో మార్చడమే మిగిలిన పని. 1940లో అతను గీసిన పెళ్లికూతురికి గుడ్లగూబ తల, ఎర్రటి ఈకల అంగరఖా ఉంటాయి; చిత్రం లోపలే ఒక మూల ఉన్న చిన్న బొమ్మలో ఆమె రూపం ఆ మచ్చల్లోంచే వచ్చింది.

ఇప్పుడు ఫోటోషాప్‌లో రెండు పొరలను కలిపే ‘స్క్రీన్’ పద్ధతి ఉంది. అందులో తెలుపు తెలుపుగానే నిలుస్తుంది, నలుపు ఉన్న చోట రెండో పొర కనిపిస్తుంది. తెల్లటి నేపథ్యం ముందు నిలబడ్డ స్త్రీ నల్లటి జుట్టు మీద అడవి ఫోటో పెడితే, అడవి సరిగ్గా జుట్టులోనే మొలుస్తుంది. ఐదు నిమిషాల పని. ఇన్ని పుస్తకాల అట్టల మీద అడవి జుట్టులోనే ఎందుకు పెరుగుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. సాంకేతిక సౌకర్యం ప్రతీకగా చెలామణి అవుతోంది.

కళ్లు మూసుకున్న పదహారు మంది

1929 డిసెంబరులో పారిస్ అధివాస్తవికుల పత్రికలో ఒక పుట అచ్చయింది. మధ్యలో రెనే మాగ్రిట్ గీసిన నగ్న స్త్రీ. ఆమెకు పైన ‘నాకు కనిపించడం లేదు’ అని, కింద ‘అడవిలో దాగి ఉన్న’ అని ఫ్రెంచిలో రాసి ఉంటుంది. ‘స్త్రీ’ అనే మాట రావలసిన చోట ఆమె బొమ్మే ఉంటుంది. చుట్టూ పదహారు మంది అధివాస్తవికుల ఫోటోలు. బ్రెటన్, ఎర్నెస్ట్, డాలీ, మాగ్రిట్ అందరూ మగవాళ్లే, అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. అడవి అన్న మాట ఉంది గాని బొమ్మలో ఒక్క చెట్టూ లేదు. స్త్రీయే అడవి.

ఈ ఒక్క పుటలో ఆ బృందం ధోరణి మొత్తం కనిపిస్తుంది. మగవాడి అంతరంగంలోకి దారి తీసే అడవిగా, పువ్వుగా, నీరుగా స్త్రీ రావాలి. చూసేది అతను, కలగనేది అతను. 1927లో మాగ్రిట్ గీసిన మరో స్త్రీ చర్మం మీద చెక్క చారలు తేలుతున్నాయి, ఆమె బల్లగా మారిపోతున్నట్టు ఉంటుంది. 1935లో సల్వదోర్ డాలీ గీసిన స్త్రీకి ముఖం చోట గులాబీల గుత్తి ఉంది. 1937లో బెల్జియం చిత్రకారుడు పాల్ డెల్వో గీసిన ‘ఉదయం’ ఇప్పుడు వెనిస్‌లోని పెగ్గీ గుగెన్‌హైమ్ సంగ్రహంలో ఉంది. నలుగురు స్త్రీలు, నడుము కింద నుంచి అందరూ చెట్టు మానులే. కళ్లు విప్పారి ఉంటాయి గాని ఎవరి చూపూ ఎవరి మీదా నిలవదు. నలుగురూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు. పారిపోవడానికి కాళ్లు లేవు.

డాఫ్నీ చెట్టు కావడం తప్పించుకోవడం కోసం. డెల్వో స్త్రీలు ఎందుకు చెట్లయ్యారో బొమ్మ చెప్పదు. వాళ్లు ముందు నుంచీ అలాగే నాటి ఉన్నారు. నైపుణ్యం పరంగా చూస్తే ఈ చిత్రాలకు వంక పెట్టలేం, మూసినది కన్ను ఒక్కటే.

తలుపు పిడి మీద చెయ్యి

1942లో అమెరికన్ చిత్రకారిణి డొరొతియా టానింగ్ తన బొమ్మ తానే గీసుకుంది. పేరు ‘పుట్టినరోజు’. ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. దూరం నుంచి ఆమె లంగా ఆకుపచ్చటి పీచు వేళ్లతో అల్లినట్టుంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ వేళ్లలో చిన్న చిన్న మనిషి దేహాలు మెలికలు తిరిగి ఉంటాయి. ఎద మీద బట్ట తెరిచి ఉంది. ఇంతవరకూ డెల్వో బొమ్మకూ దీనికీ పెద్ద తేడా కనిపించదు. కాని వేళ్ల కింద నుంచి ఆమె పాదాలు బయటికి వచ్చి ఉన్నాయి. ఒక చెయ్యి తలుపు పిడి మీద ఉంది. వెనక ఒకదాని తర్వాత ఒకటిగా తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. వేళ్లు ఆమెను నేలకు కట్టలేదు, ఆమె వాటిని తొడుక్కుంది.

కాలో 1943లో గీసిన ‘వేళ్లు’ సుమారు అడుగు ఎత్తు, అడుగున్నర పొడవు ఉన్న లోహపు రేకు మీద ఉంది. మెక్సికోలో గండం గడిచినవాళ్లు గుడికి సమర్పించే రేకు బొమ్మల సంప్రదాయం నుంచి ఆమె తెచ్చుకున్న పద్ధతి ఇది. బీటలు వారిన నేల మీద ఆమె మోచేతి మీద ఒరిగి పడుకుని ఉంటుంది. ఛాతీ కిటికీలా తెరిచి ఉంది. అందులోంచి పెద్ద పెద్ద ఆకుల తీగ బయటికి పాకుతుంది. ఆకుల అంచులు దాటి ఎర్రటి సన్నని నాళాలు మట్టిలోకి దిగుతాయి. నేల ఆమెకు ఏమీ ఇవ్వడం లేదు, ఎండిన నేలకు ఆమే రక్తం పోస్తోంది. 1925లో జరిగిన బస్సు ప్రమాదం తర్వాత వెన్ను, కటి దెబ్బతిని, గర్భం నిలవక గడిపిన జీవితం తెలిసినవాళ్లు ఈ చిత్రాన్ని సంతానం గురించిన చిత్రంగా చదువుతారు. ఆ చదువుకు ఆధారం ఉంది. ఆ సంగతులు తెలియకపోయినా తీగ ఎటు నుంచి ఎటు పాకుతుందో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. 1938లో మెక్సికో వచ్చిన బ్రెటన్ ఆమెను అధివాస్తవికురాలిగా ప్రకటించాడు. తాను గీసేది కలలు కావని, తన వాస్తవమేనని ఆమె చెప్పుకుంది.

స్పెయిన్‌లో పుట్టి యుద్ధకాలంలో మెక్సికో చేరిన రెమెదియోస్ వారో ఇంకో దారి పట్టింది. తండ్రి జలవనరుల ఇంజనీరు, యంత్రాల నక్షాలు గీయడం ఆమెకు చిన్నప్పుడే ఆయన దగ్గర అబ్బింది. 1957 నాటి ‘పక్షుల సృష్టి’లో గుడ్లగూబ రూపంలో ఉన్న ఒక మనిషి బల్ల ముందు కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో, మెడకు వేలాడే వయొలిన్‌కు తీగతో కలిపిన కుంచె. మరో చేతిలో నక్షత్రపు వెలుగును పట్టే ముక్కోణపు గాజు. కాగితం మీద గీసిన పిట్టలు లేచి కిటికీలోంచి ఎగిరిపోతున్నాయి. ప్రకృతిలో కలిసిపోయిన స్త్రీ ఇక్కడ పని చేస్తోంది. పొట్టపోసుకోవడానికి వారో 1940లలో బేయర్ మందుల కంపెనీకి, నిద్రలేమి, కీళ్లనొప్పులు వంటి బాధల మీద ప్రకటనల బొమ్మలు వేసింది. వాటి మీద ఉరంగా అని తల్లి ఇంటిపేరుతో సంతకం పెట్టేది. కళాఖండానికీ కూలికి వేసిన బొమ్మకూ మధ్య గోడ ఎంత పలుచనిదో ఈ సంతకం చెబుతుంది.

ఈ చిత్రకారిణులు ఇప్పుడు వార్తల్లోకి రావడానికి కారణాలు స్పష్టమే. 2022 వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనకు, ఇంగ్లండులో పుట్టి మెక్సికోలో స్థిరపడిన అధివాస్తవిక చిత్రకారిణి లియొనోరా కారింగ్టన్ పుస్తకం పేరే పెట్టారు. 2024లో అధివాస్తవిక ప్రణాళికకు నూరేళ్లు నిండాయి. అదే ఏడాది మే నెలలో కారింగ్టన్ చిత్రం ఒకటి 2.85 కోట్ల డాలర్లు పలికింది. 2006లో కాలో ‘వేళ్లు’ అమ్ముడైంది 56 లక్షల డాలర్లకు. మ్యూజియాలు, వేలం సంస్థలు దశాబ్దాల తరబడి పక్కన పెట్టిన ఖాతాను ఇప్పుడు తిరగేస్తున్నాయి.

తల స్థానంలో పద్మం

డాలీ గులాబీల తల కంటే పన్నెండు పదమూడు వందల ఏళ్ల ముందే తుంగభద్ర ఒడ్డున ఒక శిల్పి ఈ పని చేశాడు. అలంపురం మ్యూజియంలో ఉన్న లజ్జాగౌరికి తల లేదు. మెడ పైన వికసించిన పద్మం ఉంది. కాళ్లు ప్రసవ భంగిమలో విడిచి ఉన్నాయి. సంతానం కోరేవాళ్లు కొలిచిన దేవత ఆమె. నాగార్జునకొండలో దొరికిన ఇలాంటిదే, ఇంకా పాతదైన ఇక్ష్వాకుల నాటి విగ్రహం మీద ఒక రాణి పేరుతో శాసనం ఉంది. డాలీ బొమ్మకూ దీనికీ రూపం దగ్గరగా ఉన్నా పని వేరు. ఒకటి చూడటానికి, రెండోది మొక్కడానికి. పద్మం ముఖాన్ని దాచలేదు, ఈమె ఫలానా ఆవిడ కాదు, పుట్టుకే అని చెప్పింది. కళ్లు లేకపోతే ఆమె బలహీనురాలే అన్న సూత్రం ఇక్కడ చెల్లదు.

అశోకం స్త్రీ పాదం తగిలితే పూస్తుందని మన కవులు రాశారు, ఆ నమ్మకాన్ని దోహదం అన్నారు. సాంచీ తోరణం మీద చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడే యక్షి ఆ కుటుంబానికి చెందినదే. అక్కడ చెట్టూ స్త్రీ రెండూ విడిగానే ఉంటాయి, పూయించేది ఆమె కాలు. దేవీ మాహాత్మ్యంలో అమ్మవారు కరువు కాలంలో తన ఒంటి నుంచే పుట్టిన కూరగాయలతో లోకాన్ని పోషిస్తానంటుంది. ఆషాఢంలో బెజవాడ ఇంద్రకీలాద్రి మీద జరిగే శాకంబరీ ఉత్సవాలు ఆ మాటనే కూరగాయలతో చూపిస్తాయి. వంకాయలు, బెండకాయలు, కాకరకాయలు, నిమ్మకాయలు దండలై అమ్మవారి మీదికి, గుడి గోడల మీదికి ఎక్కుతాయి. ఇక బతుకమ్మ అతిశయోక్తి మెట్టు. తంగేడు, గునుగు పూలు గోపురంగా పేరుస్తారు. కన్ను లేదు, చెయ్యి లేదు, ‘అమ్మ’ అనే పిలుపు తప్ప ఆ పూలలో స్త్రీ ఆకారం ఎక్కడా లేదు. చుట్టూ తిరిగే కాళ్లు మాత్రం వందల కొద్దీ ఉంటాయి.

ఆధునిక చిత్రకారుల్లో 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె.లక్ష్మాగౌడ్ 1970లలో వేసిన ఎచింగులు (లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు చెక్కి తీసే అచ్చుబొమ్మలు) ఈ దారికి దగ్గరివి. మనుషులు, మేకలు, చెట్లు ఒకే సన్నని గీతలో ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి. పల్లెలో పశువుకూ మనిషికీ పొదకూ మధ్య పట్నంలో ఉన్నంత దూరం ఉండదు. ఆ కలయిక ఆయన చూసిన ఊరు కూడా.

కొమ్మ విరిగిన కథ

అతుకు గురించి చిత్రాల కంటే బాగా చెప్పిన కథ పక్క రాష్ట్రంలో ఉంది. కన్నడ ప్రాంతంలో ఏ.కె.రామానుజన్ సేకరించిన జానపద కథ అది. పేదరాలైన ఒక అమ్మాయి పూల చెట్టుగా మారగలదు. రెండు కుండల నీళ్లు కావాలి. ఒక కుండ నీళ్లు పోస్తే చెట్టవుతుంది, పూలు కోసుకున్నాక రెండో కుండ పోస్తే తిరిగి మనిషవుతుంది. ఆకు చిరగకూడదు, కొమ్మ విరగకూడదు. అలా అక్కాచెల్లెళ్లు పూలు అమ్ముకుని డబ్బు తెచ్చుకుంటారు. రాకుమారుడు పెళ్లాడి, ఆమెను రాత్రుళ్లు చెట్టుగా మార్చి ఆనందిస్తాడు. ఒకరోజు ఆడబిడ్డ స్నేహితురాళ్లతో కలిసి ఆమెను బలవంతంగా చెట్టును చేస్తుంది. ఎలా పడితే అలా కొమ్మలు విరిచి, నీళ్లు సరిగా పోయకుండా వెళ్లిపోతారు. ఆమె చేతులు కాళ్లు లేని మొండెంగా మిగులుతుంది. చివరికి ఆమె భర్త కంట పడుతుంది; అతను ఆమెను మళ్లీ చెట్టుగా మార్చి, విరిగిన కొమ్మలను ఒక్కొక్కటే సరిచేసి కట్టి, నీళ్లు పోస్తే పూర్తి మనిషి అవుతుంది.

ఇందులో చెట్టు కావడం ఆమెకు చేతనైన విద్య, బతుకుతెరువు, వేడుక, హింస – నాలుగూ. తేడా తెచ్చింది చెట్టు కాదు. నీళ్లు ఎవరు పోశారు, కొమ్మను ఎలా ముట్టుకున్నారు అన్నదే తెచ్చింది.

సగటు వనకన్య

మాటల్లో చెబితే బొమ్మ గీసిచ్చే కంప్యూటర్ యంత్రాల్లో ఒకటైన మిడ్‌జర్నీ 2022 జూలైలో అందరికీ అందుబాటులోకి వచ్చింది, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ విడుదలైంది. అంతకు ముందు ఏడాది వచ్చిన డాల్-ఈ పేరులోనే డాలీ ఉన్నాడు. ఈ యంత్రాలకు కలపడం కష్టం కాదు, అదే వాటి సహజ గుణం. వ్యాఖ్యలతో జతపరిచిన కోట్ల బొమ్మల మీద శిక్షణ ఇస్తారు. స్టేబుల్ డిఫ్యూజన్‌కు వాడిన బొమ్మలను ఏరిన లాయన్-5బి సంకలనంలో 585 కోట్ల జతలున్నాయి. బొమ్మ గీసేటప్పుడు యంత్రం చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, రాసిన మాటలకు దగ్గరయ్యేలా ఆ గందరగోళాన్ని విడతలవారీగా తీసేస్తుంది. ‘స్త్రీ’, ‘అడవి’ అని రెండు మాటలిస్తే రెండిటికీ ఒప్పే రేఖల వైపు ప్రతి విడతలోనూ జరుగుతుంది. చర్మానికీ బెరడుకూ మధ్య అతుకు దానంతట అదే మాయమవుతుంది.

యంత్రం తనంతట తాను వెళ్లేది, నేర్చుకున్న బొమ్మల్లో ఎక్కువగా కనిపించిన వైపు. అందుకే పక్కకు తిరిగిన యువతి ముఖం, మూసిన కళ్లు, ఎగిరే జుట్టు, సీతాకోకచిలుకలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ముసలావిడ రావాలంటే ప్రత్యేకంగా అడగాలి. తొలినాళ్లలో ఈ యంత్రాలకు అసలు లొంగనివి చేతులు. ఆరు వేళ్లు, ఏడు వేళ్లు వచ్చేవి. వేళ్లను వేళ్లుగా, అంటే కొమ్మలుగా, ఆకులుగా మార్చేస్తే ఆ లోపం కనపడదు. టానింగ్ చెయ్యి తలుపు పిడి మీద ఎందుకుందో తెలియని యంత్రానికి అది కప్పిపుచ్చాల్సిన తప్పు మాత్రమే.

ప్రభావం ముందుగా పడేది పత్రికలకు, పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్ల మీద. అట్ట మీద బొమ్మకు ఇచ్చే పారితోషికం ఎప్పుడూ గొప్పగా లేదు, ఇప్పుడు ఆ కాస్తకూ ఉచిత పోటీ వచ్చింది. హక్కుల సంగతి ఇంకా తేలలేదు. 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైట్ కార్యాలయం ఒక బొమ్మల కథ విషయంలో మాటలకు, కూర్పుకు హక్కు ఇచ్చి, మిడ్‌జర్నీ గీసిన బొమ్మలకు నిరాకరించింది. భారత కాపీరైట్ చట్టం కంప్యూటర్ సృష్టించిన రచనకు, దాన్ని సృష్టింపజేసిన వ్యక్తినే కర్తగా చెబుతుంది. ఆ నిబంధన ఇలాంటి యంత్రాలు ఊహలో కూడా లేని కాలానిది.

స్త్రీయే ఎందుకు?

1974లో మానవశాస్త్రవేత్త షెర్రీ ఆర్ట్‌నర్ ఈ ప్రశ్ననే అడిగింది. కనడం, పాలివ్వడం వల్ల స్త్రీని ప్రకృతికి దగ్గరగా, పురుషుణ్ని సంస్కృతికి దగ్గరగా చూడటం సమాజాలకు అలవాటైందని, ప్రకృతిని లొంగదీసేదే సంస్కృతి కాబట్టి స్త్రీ కూడా లొంగవలసినదైందని ఆమె వాదన. అదే ఏడాది ఫ్రాన్సులో ఫ్రాన్స్వాజ్ దోబోన్ అనే రచయిత్రి స్త్రీల అణచివేతకూ భూమి విధ్వంసానికీ మూలం ఒకటే అంటూ ‘ఎకోఫెమినిజం’ అనే మాటను ముందుకు తెచ్చింది. అదే ఏడాది మార్చిలో హిమాలయాల్లోని రేణి గ్రామంలో గౌరాదేవి, తోటి స్త్రీలు నరకడానికి వచ్చినవాళ్లకు అడ్డుపడి అడవిని కాపాడారు. వాళ్లు చెట్లను కౌగిలించుకున్నారు, చెట్లు కాలేదు. పోస్టర్లలో ఈ రెండూ తరచూ ఒకటైపోతాయి. కౌగిలించుకోవడానికి చేతులు కావాలి.

ఇదే ప్రశ్నకు బొమ్మల్లో దొరికే జవాబు కాలో తొలినాళ్ల చిత్రం ఒకదానిలో ఉంది. 1931లో ఆమె శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండగా లూథర్ బర్బాంక్ అనే అమెరికన్ ఉద్యానవేత్తను గీసింది. కొత్త కొత్త పండ్ల, కూరగాయల రకాలు సృష్టించిన మనిషి ఆయన. 1926లో చనిపోతే ఇంటి ఆవరణలోనే ఒక చెట్టు కింద పాతిపెట్టారు. చిత్రంలో ఆయన కాళ్లు మానుగా మారి నేలలోకి దిగాయి. నేలను కోసి చూపిన చోట వేళ్లు ఆయన శవాన్నే పీల్చుకుంటున్నాయి. చేతిలో పెద్ద ఆకుల మొక్క ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. వేళ్లు మొలిచినా, కింద తన శవం తానే ఎరువవుతున్నా, ఆయన ఒంటి మీద కోటు, మెడలో టై మాత్రం చెక్కుచెదరలేదు.